రోడ్డున పడిన వూరు

కూడలి అనే మాట ఎవరు పుట్టించారో గాని, మంచి మనసుతో పుట్టించారు. కూడడమంటే కలవడం. నాలుగు దారులు ఒకచోటికి వచ్చి, పలకరించుకుని, కాసేపు కష్టసుఖాలు చెప్పుకుని, ఎవరి దోవన వాళ్లు వెళ్లిపోతున్నట్టు వినిపిస్తుంది. ఇంత చక్కని మాటను మనం పుస్తకాలకు వదిలేసి, బెజవాడ గుంటూరుల్లో సెంటరనీ, విశాఖపట్నం వైపు జంక్షననీ, రాయలసీమలో సర్కిలనీ, తెలంగాణలో చౌరస్తా అనీ తలా ఒకటి పంచుకున్నాం. మా రాజమండ్రిలో అన్నీ కాస్త కాస్త వున్నాయి. సంస్కృతం వాళ్లు చతుష్పథమన్నారు. అంతటితో వూరుకోక శృంగాటకమని కూడా అన్నారు. అమరకోశం రెండింటినీ పక్కపక్కనే చెబుతుంది. శృంగమంటే కొమ్ము. క్లాసులో ఈ మాట వచ్చినప్పుడల్లా, "ఈ పేరు పెట్టిన మహానుభావుడు సాయంత్రం ఆరు గంటలకు మన మోరంపూడి జంక్షనులో నిలబడి వుంటాడర్రా, ఎటు చూసినా కొమ్ములే కనిపించి వుంటాయి" అంటాను. పిల్లలు నవ్వుతారు. బెల్లు కొట్టాక వాళ్లూ నేనూ ఆ కొమ్ముల మధ్యనుంచే ఇళ్లకు చేరాలి.

అయితే నేను చెప్పబోయేది మోరంపూడి గురించి మాత్రమే కాదు. రాబోయే మోరంపూళ్ల గురించి.

మా వూరి భూగోళం తెలియనివారికి ఒక్క మాట. రాజమండ్రికి పడమట గోదావరి. అటువైపు పెరుగుతామంటే ఆ తల్లి ఒప్పుకోదు. అంచేత కోటగుమ్మం దగ్గర పుట్టిన వూరు ఇన్నిన్నాళ్లుగా తూర్పుకూ ఉత్తరానికీ జరుగుతూ వచ్చింది. తూర్పున ఏముందయ్యా అంటే మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు. దివాన్‌చెరువు, లాలాచెరువు, మోరంపూడి, బొమ్మూరు, వేమగిరి, వరసగా పూసల్లాగ ఆ రోడ్డు మీదే వున్నాయి. అంటే మా వూళ్లో కొత్తగా ఇల్లు కట్టుకోదలచినవాడు ఇవాళ కాకపోతే రేపైనా ఆ రోడ్డు దగ్గరికి వెళ్లాలి, ఎల్లుండైనా దాన్ని దాటాలి. ఇది విధి రాత కాదు, నది రాత.

మా నాన్నగారు 1989లో మోరంపూడికి ఇవతల స్థలం కొని ఇల్లు కట్టారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గృహప్రవేశానికి వచ్చిన బంధువులు భోజనాలు చేసి, తాంబూలాలు పుచ్చుకుని, "అన్నీ బాగున్నాయి గాని ఇలా అడవిలో కట్టావేమిటోయ్" అని మరీ వెళ్లారు. రాత్రిపూట ఆ రోడ్డు మీద పోయే లారీల చప్పుడు వింటూ పడుకోవడం నాకు సరదాగా వుండేది. ఒక లారీ చప్పుడు పూర్తిగా పోయాక గాని ఇంకొకటి వినిపించేది కాదు. పిల్లలకు నమ్మకం కలగదు గాని, ఆ రెంటి మధ్య కీచురాళ్ల చప్పుడు కూడా వినిపించేది.

అది మాకు జాతీయ రహదారి 5. ఆ అంకె మీద ఎంత మమకారమో! 2010లో దేశంలో రోడ్లన్నిటికీ కొత్త అంకెలు వేసినప్పుడు అది 16 అయింది. ఆ తర్వాత 16ను దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు తీసుకువచ్చి, 2015లో తెరిచిన నాలుగో వంతెన మీదుగా గోదావరి దాటించి, దివాన్‌చెరువు దగ్గర కలిపారు. మా పాత దారి, రావులపాలెం జొన్నాడల మీదుగా వచ్చేది, 216ఏ అయి కూర్చుంది. పెద్ద కోడలు వచ్చాక అత్తగారిని వెనక గదిలోకి మార్చినట్టనుకోండి.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసిన సంగతి వుంది. దూరపు లారీలకు వేరే దారి దొరికింది కదా, మోరంపూడికి కాస్త వూపిరి ఆడాలి కదా? ఒకనాడు సాయంత్రం జంక్షను పక్క టీకొట్టు బల్ల మీద కూర్చుని బుద్ధిగా చూశాను. వచ్చినవి వచ్చినట్టు లెక్క రాద్దామని కాగితం కూడా పట్టుకువెళ్లాను గాని, పది నిమిషాల్లో లెక్క తప్పిపోయింది. లెక్క తప్పినా సంగతి బోధపడింది. కాలేజీల బస్సులు, బడి పిల్లల వ్యాన్లు, తాడితోట బట్టల మార్కెట్టు నుంచి మూటలు వేసుకువచ్చే ఆటోలు, కడియపులంక నర్సరీల నుంచి కొబ్బరి మొక్కలూ గులాబి మొక్కలూ నింపుకున్న వ్యాన్లు, ఒక్కొక్క స్కూటరు మీద ముగ్గురేసి కాపురస్థులు, పెళ్లికి వెళ్లే కార్లు. కలకత్తా లారీ ఎక్కడో ఒకటి. మిగిలిందంతా మనమే! పెద్ద రోడ్డును పరాయివాళ్లు ఆక్రమించారని అన్నాళ్లూ తిట్టుకున్నాం గాని, ఆక్రమించుకున్నది మా వూరే.

వూరికి దూరంగా వుంటుందని పెద్ద రోడ్డు వేస్తారు. ఆ రోడ్డు వుందని వూరు అక్కడికి వెళుతుంది. వెళ్లి దాని మొహాన కొట్లు పెడుతుంది, కల్యాణమండపం కడుతుంది, ఆస్పత్రి తెరుస్తుంది. ఆ తర్వాత, అయ్యో ఇంత రద్దీ ఏమిటి, మాకు ఇంకో బైపాసు కావాలి అంటుంది. నలుగురైదుగురు బిడ్డలున్న ఇంట్లో పెద్దవాడి చొక్కా చిన్నవాడికి వేసినట్టు, పెద్ద రోడ్లన్నీ ఏదో ఒకనాడు వీధి రోడ్లయిపోతాయి. తెలుగుదేశంలో నాకు తెలిసిన పట్టణాలన్నిటిదీ ఇదే వరస.

మా వీధిలో రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయిన ఇంజనీరుగారు ఒకాయన వున్నారు. నా కాగితం చూసి జాలిపడి, మోటారు బండ్లను లెక్కపెట్టే పద్ధతి చెప్పారు. 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ఇందుకు ఒక పట్టిక తయారుచేసిందట. అందులో కారు ఒకటి. మోటారు సైకిలు సగం. లారీ మూడు. తొట్టి తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర. సైకిలు రిక్షా రెండు. ఎడ్లబండి ఎంతనుకున్నారు? ఎనిమిది! గ్రామసీమల వైపు రోడ్లకు చేసిన ఆ లెక్కలో మన పూర్వుల వాహనానికి ఇంత మర్యాద దక్కినందుకు మొదట సంతోషం కలిగింది. మర్యాద కాదు మాస్టారూ, అది కదిలేలోపల ఎనిమిది కార్లు పోవచ్చునని అర్థం, అన్నారాయన. "నడిచిపోయే మనిషికి ఎంత?" అని అడిగాను. ఆ పట్టికలో మనిషికి అంకె లేదన్నారు.

అంకె లేకపోవడమనే మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. నాలుగు దారులు కలిసేచోట ఎటువాడు ఎటు తిరిగినా ఒకరి దారి ఒకరికి అడ్డుపడే తావులు 32 వుంటాయట. మూడు దారుల కూడలి అయితే 9. మధ్యలో గుండ్రని దిమ్మ కట్టి అందరినీ దాని చుట్టూ ఒకే వైపు తిప్పితే 8కి తగ్గుతాయి. ముప్ఫయిరెండు పళ్ల మధ్య నాలుక అని మనవాళ్లు వూరికే అనలేదు. మోరంపూడిలో చేతిసంచీతో నిలబడిన మనిషే ఆ నాలుక.

దీపాలు పెడితే సరిపోదా అంటారు. దీపాల లెక్క చాలా తేలిక, మా తెలుగువాళ్లం కూడా వెయ్యవచ్చు. పచ్చదీపం వెలిగాక ఒక వరసలోంచి రెండు సెకన్లకు ఒక కారు చొప్పున దాటుతుంది. గంటంతా పచ్చగా వుంటే 1,800 కార్లు. కాని నాలుగు దిక్కులకూ వంతులు పెట్టాలి కదా? ఎంత ధర్మంగా పంచినా ఒక్కొక్క దిక్కుకు దక్కేది గంటలో పావుగంట, అంటే వరసకు 450. పసుపుదీపానికి పోయే తరుగు తీసేస్తే అదీ నిలవదు. ఆ పైన వచ్చిన బండి తర్వాతి వంతుకు ఆగాలి, తర్వాతి వంతులో వచ్చినవాడు ఆ పై వంతుకు. పెళ్లిభోజనాల సంగతి మీకు తెలియనిది కాదు. వంద విస్తళ్ల పందిట్లో ఎనభైమంది వస్తే హాయిగా కూర్చుని, మారు వడ్డించుకుని తింటారు. తొంభై అయిదుమంది వస్తే చోటు వెతుక్కోవాలి. నూటపదిమంది వచ్చారా, ఆకులు ఎత్తేదాకా వెనక నిలబడవలసిందే. వచ్చినవాళ్లు పదిమందే ఎక్కువ, కంగారు మాత్రం పందిరంతా. రోడ్లూ అంతే. నిండేదాకా నిండుతున్నట్టు తెలియదు. నిండాక రోజుకు నాలుగు బండ్లు పెరిగినా వూరంతా గోల.

మరి ఎన్నాళ్లకు నిండుతుంది? విడిగా లెక్కలు లేనిచోట ఏడాదికి నూటికి ఏడున్నర చొప్పున బండ్లు పెరుగుతాయనుకుని రోడ్లు వెయ్యడం ఇంజనీర్లకు పాత అలవాటు. తర్వాత దాన్ని అయిదుకు దించారు. ఏడున్నర చొప్పున చక్రవడ్డీ వేస్తే పదేళ్లలో రెట్టింపవుతుంది. మా వూరికి పదేళ్ల కొలత అలవాటు లేదు, మాది పుష్కరాల కొలత. వంతెనలూ ఘాట్లూ రోడ్లూ, ఏవి కావాలన్నా పుష్కరాల పేరు చెప్పి అడుగుతాం, పుష్కరాల పేరు చెప్పి వేస్తారు. 2003లో పుష్కరాలు, 2015లో పుష్కరాలు, మళ్లీ 2027లో. పన్నెండేళ్లకు ఏడున్నర చొప్పున కట్టి చూడండి: రెండు రెట్లు దాటి రెండున్నరకు దగ్గరవుతుంది. అయిదు చొప్పున కట్టినా పదికి పద్దెనిమిది. అంటే పుష్కరానికి వేసిన రోడ్డు మరో పుష్కరం నాటికి చొక్కా చాలని పిల్లవాడవుతుంది. యాత్రికులు పన్నెండు రోజులుండి వెళ్లిపోతారు. మిగిలిన పన్నెండేళ్ల రద్దీ మాది.

మా అమ్మ సంగతి చెప్పాలి. రోడ్డుకు అవతల ఆమె స్నేహితురాలు వుంటుంది. మేము ఇల్లు కట్టిన ఏడాదే వాళ్లూ కట్టారు. రెండు ఇళ్లకూ మధ్య దూరం చూపుతో కొలిస్తే రెండు వందల గజాలు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆవకాయ కలిపిన రోజున ఒక గిన్నె అటు వెళ్లడం, కార్తీకమాసంలో పురాణం వినడానికి అమ్మ అటు వెళ్లడం, వాళ్లింట కరివేపాకు ఇటు రావడం. "వొదినా" అని ఇటు గట్టు మీదనుంచి కేకవేస్తే అటునుంచి పలికేది. 2000 దాటాక స్వర్ణచతుర్భుజి కింద ఆ రోడ్డు నాలుగు వరసలయింది. మధ్యన గట్టు, గట్టు మీద గన్నేరు చెట్లు. గన్నేరు చెట్లు పూసి చూడడానికి బాగానే వుంటాయి. కేక మాత్రం అవతలికి వినబడదు.

కొన్నాళ్లు అమ్మ ఆ గట్టు ఎక్కి దాటింది. ఒకనాడు సగం దాటి గట్టు మీద నిలబడిపోయింది. ముందుకు పోలేదు, వెనక్కు రాలేదు. ఒక ఆటో అబ్బాయి చూసి, చెయ్యి పట్టుకుని ఇటు దింపి, "ఆయ్, మామ్మగారూ, ఇలాంటి పనులు చేస్తారేటండీ" అని మందలించి వెళ్లాడు. అప్పటినుంచీ ఆటోలోనే వెళుతుంది. ఆటో ముందు ఎటో వెళ్లి, మళ్లుకునే చోట మళ్లుకుని, తిరిగి రావాలి. రెండు వందల గజాల దూరానికి రెండు కిలోమీటర్ల ప్రయాణం, రానూపోనూ ఆటో కిరాయి. "ఆవకాయ ఖరీదు కంటే మోతకూలి ఎక్కువయిందిరా" అంటుంది అమ్మ. నెలకు నాలుగుసార్లు వెళ్లేది, ఇప్పుడు పండగలకు వెళుతోంది. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు. ఇద్దరికీ చెవులు మందం. ఒకే వీధి లాంటి రెండు ఇళ్ల నుంచి ఇద్దరు ముసలివాళ్లు ఫోనుల్లో అరుచుకోవడం వింటూ వుంటే, జాతీయ రహదారుల మీద నాకున్న దేశభక్తి కొంత సన్నగిల్లుతుంది.

ఇది ముసలివాళ్ల ముచ్చటతో పోయేదయితే ఇంత రాయను. 2022లో మనదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వం వారి లెక్క. దేశంలో వున్న రోడ్లన్నిటి పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్లుంటాయి. చావుల్లో వాటి వాటా నూటికి ముప్ఫయి ఆరు. చచ్చిపోయినవాళ్లలో నూటికి నలభై నాలుగుమందికి పైగా స్కూటర్లూ మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లు, సుమారు ఇరవైమంది నడిచిపోయేవాళ్లు. పట్టికలో సగం అంకె వున్నవాళ్లూ, అసలు అంకె లేనివాళ్లూ. మా డిగ్రీ రెండో సంవత్సరం కుర్రవాడు ఒకడు గట్టు తెగిన చోట బండి తిప్పబోయి కాలు విరగ్గొట్టుకుని ఏడాది చదువు పోగొట్టుకున్నాడు. అక్కడ తిప్పకపోతే ఇంకో కిలోమీటరు ముందుకుపోవాలి, పరీక్షకు పది నిమిషాలుంది. మనమయినా తిప్పేవాళ్లమేనేమో!

ఇక ఫ్లైఓవర్లు. మా వైపు పాత హైవే మీద కైకరం, తేతలి, ఉండ్రాజవరం జంక్షను, జొన్నాడ, మోరంపూడి, ఈ అయిదుచోట్లా వంతెనలకు 2022 సెప్టెంబరులో రాజమండ్రిలోనే శంకుస్థాపన చేశారు. వంతెనలు వద్దనే ధైర్యం నాకు లేదు, అవసరం కూడా లేదు. కూడలిలోకి అన్ని వైపులనుంచీ గంటకు పదివేల కార్ల పెట్టు బండ్లు వచ్చే చోట వంతెన ఆలోచించవచ్చునని ఇంజనీర్ల నియమం వుందట. అయితే వంతెన చేసే పని ఒక్కటే: తిన్నగా పోయేవాడిని పైనుంచి పంపిస్తుంది. పక్కకు తిరిగేవాడూ, అడ్డంగా దాటేవాడూ కిందనే మిగులుతారు. మోరంపూడిలో నేను చూసినవాళ్లలో తిరిగేవాళ్లూ దాటేవాళ్లూ తక్కువవాళ్లు కారు. పైగా వంతెన దిగిన బండి ఎక్కడికి పోతుంది? తర్వాతి కూడలికి, మునుపటికంటే తొందరగా. బెజవాడ బెంజిసర్కిలులో 2020 అక్టోబరులో ఒక వంతెన ప్రారంభించారు, మరుసటి ఏడాది దాని పక్కన రెండోది తెరిచారు. ఆ వెంటనే మహానాడు జంక్షను నుంచి నిడమానూరు దాకా ఇంకోటి కావాలన్న మాట మొదలయింది. ఒక పంటి నొప్పి తగ్గితే గాని పక్క పంటి నొప్పి తెలియదంటారు.

ఈ గొడవంతా మా ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, మా ఆవిడ దివాన్‌చెరువు వైపు స్థలం కొందామంది. ఆవిడ కోరికలో తప్పేమీ లేదు. మేముంటున్న ఇల్లు ముగ్గురు అన్నదమ్ములది. ఇవాళ కాకపోయినా రేపు పంచుకోవాలి. మా అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం. పి.ఎఫ్. లోంచి కొంత, ఆవిడ పొదుపు కొంత వేస్తే చిన్న ముక్క వస్తుంది. పదేళ్ల క్రితం కొన్న మా బావమరిది ఇప్పుడు ఎలా వున్నాడో చూడండి, అంటుంది. చూస్తూనే వున్నాను.

స్థలాలమ్మే కుర్రవాడు రంగు రంగుల కాగితం తెచ్చాడు. కాగితంలో కొబ్బరిచెట్లు, పిల్లల పార్కు, తెల్ల కార్లు. "హైవేకి అయిదు నిమిషాలు మాస్టారూ" అన్నాడు. "ఎన్ని గంటలప్పుడు నాయనా?" అన్నాను. మా ఆవిడ నావేపు చూసిన చూపుకు తర్వాతి ప్రశ్న మింగేశాను. మూలన కూర్చుని వత్తులు చేసుకుంటున్న అమ్మ మాత్రం అడిగింది.

"అక్కడ రోడ్డు దాటాలా నాయనా?"

"ఫ్లైఓవరు వస్తుంది మామ్మగారూ."

"అది లారీలకు కదూ. నాకేది?"

కుర్రవాడు మంచివాడు, నవ్వాడు. జవాబు అతని కాగితంలో లేదు.

ఆదివారం ఉదయం కారులో తీసుకువెళ్లి చూపిస్తానన్నాడు. ఆదివారం ఉదయం ఏ రోడ్డయినా ముద్దుగానే వుంటుందని చెప్పి, మేమే మా స్కూటరు మీద బుధవారం సాయంత్రం వెళ్లాం. దివాన్‌చెరువు అంటే ఇప్పుడు గోదావరి నాలుగో వంతెన దారి వచ్చి పెద్ద రోడ్డులో కలిసే చోటు. అవతల రాజానగరం వైపు నన్నయగారి పేరిట 2006లో పెట్టిన విశ్వవిద్యాలయం వుంది. ఖమ్మం నుంచి దేవరపల్లికి తలపెట్టిన కొత్త నాలుగు వరసల దారి పూర్తిగా వాడుకలోకి వస్తే హైదరాబాదు నుంచి విశాఖపట్నం వెళ్లేవాళ్లు చాలామంది ఈ వంతెన మీదుగానే వస్తారు. 2022లో జిల్లాలు విడగొట్టాక తూర్పుగోదావరికి రాజమండ్రే కేంద్రం, ఆఫీసు పనులకు వచ్చే జనమూ పెరిగారు. ఇన్ని ధారలు ఒక్క చోట పడబోతున్నాయి. రేపటి రద్దీ ఎక్కడుంటుందో చెప్పడానికి పంచాంగం అక్కరలేదు, రోడ్డు పక్క స్థలాల బోర్డులు చదువుకుంటూ పోతే చాలు. లాలాచెరువు దాటిన దగ్గరనుంచి చదివాను. కొన్ని పేర్లలో తెలుగు చచ్చిపోయింది, అది వేరే వ్యాసం.

ఆ బోర్డుల వెనక ఒకటే పొరపాటు చూశాం. ప్రతి లేఅవుటుకూ లోపల నలభై అడుగుల రోడ్డు వుంది, చక్కగా వుంది. ఆ నలభై అడుగుల రోడ్డు తిన్నగా వచ్చి పెద్ద రోడ్డులో పడుతుంది. పక్క లేఅవుటుదీ అంతే. ఒకదానికొకటి లోపలినుంచి దారి లేదు. పక్క వీధికి పోవాలన్నా పెద్ద రోడ్డు మీదికి వచ్చి, మళ్లుకుని పోవాలి, మా అమ్మ ఆటోలాగ. పదిమంది అన్నదమ్ములు విడిపోయి ఎవరి గుమ్మం వాళ్లు నడివీధిలోకి పెట్టుకున్నారు గాని, మధ్యగోడకు తలుపు పెట్టుకుందామని ఒక్కరికీ తోచలేదు. వీధిపోటు వుందని ఇల్లు కొననివాళ్లను చూశాను గాని, తమ వీధే పోయి పెద్ద రోడ్డుకు పోటు పొడుస్తున్నదని ఎవరూ ఆలోచించరు.

ఇప్పుడయితే ఖర్చు లేదు. పొలాలు ఇంకా పొలాలుగానే వున్నాయి. పెద్ద రోడ్డుకు పక్కనే చిన్న రోడ్డు ఒకటి వేసి అన్ని లేఅవుట్ల వాళ్లనూ ముందు దానిలోకి రమ్మనవచ్చు. కూడలి మూలలు నాలుగూ ఖాళీగా వుంచమనవచ్చు. బస్సు ఆగే చోటు కూడలి మూతి మీదనుంచి కొంచెం ముందుకు జరపవచ్చు. కల్యాణమండపం గేటు వెనకవైపు పెట్టమనవచ్చు. నడిచేవాళ్లకు రోడ్డు కిందనుంచి, మెట్లు లేకుండా, దీపాలున్న దారి ఒకటి తవ్వవచ్చు. ఇవన్నీ లేఅవుటుకు సంతకం పెట్టే రోజున ఒక గీతతో పోయే పనులు. పదేళ్ల తర్వాత ఇవే పనులకు కోట్లు, కోర్టులు, కూల్చివేతలు. మోరంపూడిలో అప్పుడు గీత గియ్యవలసిన రోజున మేమందరం గృహప్రవేశాలకు వెళ్లి భోజనాలు చేస్తున్నాం.

మా ఆవిడ లెక్కల మనిషి, నాలా మాటల మనిషి కాదు. స్కూటరు దిగి, కాగితంలో బొమ్మ పట్టుకుని, అమ్మాయి కాలేజీకి పోవాలంటే ఎటు నడవాలి, ఎక్కడ బస్సెక్కాలి, వచ్చేటప్పుడు ఎక్కడ దిగి ఎలా దాటాలి, అని వేలితో గీసుకుంటూ వచ్చింది. వేలు పెద్ద రోడ్డు దగ్గరికి వచ్చి ఆగింది. అటూ ఇటూ చూసింది. చీకటి పడుతోంది. గట్టు తెగిన చోట ఇద్దరు కూలీ ఆడవాళ్లు కేరేజీలు పట్టుకుని సందు కోసం చూస్తున్నారు. లారీ పోయింది, బస్సు పోయింది, మరో లారీ. ఒకామె రెండో ఆమె కొంగు పట్టుకుంది. ఇద్దరూ పరుగెత్తారు. దాటారు లెండి. మా ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, "పదండి" అంది. లాలాచెరువు దాకా మరి మాట్లాడలేదు.

మర్నాడు మా ఇంజనీరుగారి చేత ఒక అర్జీ రాయించాను. తెలుగు నాది, అంకెలు ఆయనవి. పక్క రోడ్డు, లోపలి దారులు, నడిచేవాళ్ల దారి, మూడు కోరికలు. మా వీధివాళ్లు నలభై రెండుమంది సంతకాలు పెట్టారు. అమ్మ వేలిముద్ర వేస్తానంది, సంతకం వచ్చి వుండీ. అంకె లేనివాళ్ల తరఫున ముద్రే బాగుంటుందట. అర్జీ అందినట్టు రసీదు ఇచ్చారు. రసీదు దేవుడి పటం వెనక వుంది.

స్థలాల కుర్రవాడు పది రోజుల తర్వాత ఫోను చేశాడు. గజానికి ధర పెరిగిందనీ, ఇంకా పెరుగుతుందనీ, త్వరపడమనీ చెప్పాడు. మా ఆవిడ అంతా విని, "పక్క రోడ్డు వేస్తున్నారా బాబూ?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.